ఐదో శీలం ఒక్కడి పని కాదు



తాగుడు చెడ్డదని చెప్పడానికి ఈ చిన్న పుస్తకం రాయడం లేదు. ఆ సంగతి తాగేవాడికి మనకంటే బాగా తెలుసు. ఇది తాగుడు మానేసి ఇంటికొచ్చిన మనిషి గురించి. కాకినాడ జీజీహెచ్‌లోనో, రాజమండ్రి ప్రభుత్వాసుపత్రిలోనో, మరేదైనా డీ-అడిక్షన్ సెంటర్‌లోనో రెండు మూడు వారాలో నెలో ఉండి, మందుల చీటీ చేత్తో పట్టుకుని మన పేటలో ఆటో దిగిన మనిషి గురించి. ఆ మనిషి మీరే కావచ్చు. మీ అన్నో, మీ అల్లుడో, మీ ఇంటాయనో కావచ్చు. లేదా మీరు విహారం కమిటీలో ఉండి, ఆ మనిషి మళ్లీ గుమ్మం ఎక్కితే ఏం మాట్లాడాలో తెలియక పక్కకి చూసేవారు కావచ్చు. ముగ్గురూ చదవాలనే రాస్తున్నాను.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్ చేత దేశమంతా చేయించిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులో తేలింది. అంటే మన పేటకి చీటీతో తిరిగొచ్చినవాడు ఆ 38 మందిలో ఒకడు. అంతదాకా రావడానికి వాళ్లావిడ ఎన్ని కాళ్లు పట్టుకుందో, ఎవరి దగ్గర ఎంత అప్పు చేసిందో మనకి తెలుసు. అలా వచ్చినవాణ్ణి మూడో నెల తిరక్కుండానే మళ్లీ బెల్టుషాపుకి అప్పగిస్తున్నాం. "మనం అప్పగించడమేంటి, వాడే వెళ్లాడు" అంటారా? అదే మాట్లాడుకుందాం.

ముందు ఆసుపత్రి ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుసుకోవాలి. ఏళ్లతరబడి తాగిన ఒంట్లోంచి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో లేనివి కనపడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరగొచ్చు. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రి ఆ గండం దాటిస్తుంది. బి1 విటమిన్ ఎక్కిస్తుంది, తిండి పట్టేలా చేస్తుంది, మళ్లీ తాగాలనే గుంజుడు తగ్గడానికి మాత్రలు రాసిస్తుంది. అంతవరకూ దాని పని. సాయంత్రం ఆరింటికి కూలి డబ్బులు చేతిలో పడ్డాక ఏ దారిన ఇంటికెళ్లాలో అది చెప్పలేదు. అక్కడ పక్క మంచం మీద ఉన్నవాడు కూడా మానడానికే వచ్చినవాడు. ఇక్కడ పక్కింటివాడు సీసాతో ఉంటాడు. మళ్లీ తాగుడులో పడేవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే పడతారని ఈ వైద్యం చేసేవాళ్లంతా చెబుతారు. కాబట్టి డిశ్చార్జి చీటీతో చికిత్స అయిపోయిందనుకోకండి. అందులో కష్టమైన సగం మన పేటలో మొదలవుతుంది.

ఇక్కడో మాట చెప్పి ముందుకెళ్తాను. మన భాషలో సీసాకీ మాత్రకీ ఒకటే మాట, మందు. అందుకేనేమో కొందరు పెద్దలు "ఒక మందు మానేసి ఇంకో మందు మింగుతున్నావా, శీలం అంటే అదేనా" అని ఎత్తిపొడుస్తారు. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే ఏ శీలమూ చెడదు. దాన్ని మధ్యలో మాన్పించే హక్కు మనకెవరికీ లేదు. ఇంకో సంగతి. తాగుడు మాన్పించే పొడి అని గోడల మీద ప్రకటనలు చూసి, ఆయనకి తెలియకుండా కూరలో కలుపుతున్న అక్కలున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడు చనిపోవచ్చు కూడా. అది మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు. దొంగచాటుగా కలిపేది కాదు.

ఇక ధమ్మం దగ్గరికొద్దాం.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదిహేడోది మద్యం ముట్టనని. పంచశీలలో అయిదోదీ అదే. ప్రతి పౌర్ణమికీ పాళీలో గొంతెత్తి చెబుతాం. చెప్పేటప్పుడు మూడు మాటల అర్థం మీద మనసు పెట్టాలి. ఒకటి 'వేరమణి'. అంటే దూరంగా ఉండడం, తప్పుకుని నడవడం. రెండోది 'పమాదట్ఠాన'. పమాదం అంటే ఏమరుపాటు, ఠానం అంటే చోటు. మనిషి ఒళ్లు మరిచిపోయే చోటు అన్నమాట. మూడోది 'సిక్ఖాపదం'. సిక్ఖ అంటే నేర్చుకోవడం. మన 'శిక్షణ' అదే మాట. తెలుగులో 'శిక్ష' అంటే దండన అయిపోయింది గానీ బుద్ధుడి నోట అది బడిలో పాఠం. నేర్చుకునేవాడు తప్పు రాస్తే పలక తుడిచి మళ్లీ రాయిస్తారు. పలక లాక్కుని బయటికి గెంటరు.

మనం చేస్తున్నది గెంటడమే. "పంచశీల తీసుకుని కూడా తాగాడండి వీడు" అని మైకులో అనకపోయినా, టీ కొట్టు దగ్గర అంటాం. ఊళ్లో మిగతా కులాలవాళ్లు మనల్ని చూసి నవ్వుతారన్న బెంగ ఒకటి. ఆ బెంగ నాకు అర్థమవుతుంది. మతం మారి ఏం బాగుపడ్డారు అని అడిగేవాళ్లు ఎప్పుడూ కాచుకుని ఉంటారు. కానీ మన పరువు కాపాడే బరువు మనలో అందరికన్నా బలహీనంగా ఉన్నవాడి నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

ఈ శీలం ఎలా పుట్టిందో వినయ పిటకంలో ఉంది. ఆ కథ మన విహారాల్లో తక్కువ చెబుతారు. నా మట్టుకు నాకు తాగుడు గురించి ధమ్మంలో ఇంతకంటే పనికొచ్చే కథ లేదు.

సాగతుడని ఒక భిక్షువు. చేతి దేశంలో అంబతిత్థం అనే రేవు దగ్గర భయంకరమైన నాగు ఉందని, అటు వెళ్లొద్దని జనం అంటే, వెళ్లి దాన్ని లొంగదీసినవాడు. ఆ పేరు కోశాంబి దాకా పాకింది. అక్కడి ఉపాసకులకి ఆయన్ని సత్కరించాలని సరదా పుట్టింది. స్వాములకి దొరకనిదేంటో చెప్పండి, ఏర్పాటు చేస్తామన్నారు. సంఘంలో అల్లరికి పేరుపడ్డ ఆరుగురు భిక్షువుల జట్టు ఒకటుంది. తేటగా దింపిన మద్యం మాకు దొరకదండీ అన్నారు వాళ్లు. ఇంకేముంది, మర్నాడు సాగతుడు భిక్షకి వెళ్తే ప్రతి ఇంటిదగ్గరా అదే. మా ఇంట్లో కొంచెం, మా ఇంట్లో కొంచెం. ప్రేమగానే పోశారు. సాగతుడు ఊరి ద్వారం దాటుతూ అక్కడే కూలిపోయాడు.

అదే దారిన బుద్ధుడు శిష్యులతో వచ్చాడు. ఏం చేశాడో చూడండి. దాటుకుని వెళ్లిపోలేదు. ఎత్తుకోండి అన్నాడు. భిక్షువులు ఆయన్ని ఆరామానికి మోసుకొచ్చి, తల బుద్ధుడి వైపు ఉండేలా పడుకోబెట్టారు. మత్తులో ఆయన తిరిగి, కాళ్లు బుద్ధుడి వైపు చాపాడు. అప్పుడు బుద్ధుడు అడిగాడు. ఇదివరకు సాగతుడు తథాగతుడంటే గౌరవంగా ఉండేవాడు కాదా? ఉండేవాడు. ఇప్పుడున్నాడా? లేడు. నాగుతో పోరాడినవాడు కదా, ఇప్పుడు కనీసం నీరుకట్టె పాముతోనైనా పోరాడగలడా? లేడు. మన కాలవల్లో చిన్నపిల్లలు తోక పట్టుకుని తిప్పుతారే, ఆ పాముతో! అప్పుడు నియమం పెట్టాడు, భిక్షువులు మద్యం ముట్టకూడదని.

ఆ నియమాన్ని ఎక్కడ పెట్టాడన్నది ఇంకా ముఖ్యం. వినయంలో నాలుగు తప్పులకి సంఘం నుంచి శాశ్వతంగా పోవాల్సిందే. వాటిని పారాజికాలంటారు. తాగుడుని అందులో పెట్టలేదు. పాచిత్తియాలనే వరసలో 51వదిగా పెట్టాడు. పాచిత్తియానికి ప్రాయశ్చిత్తం ఏంటంటే, తోటి భిక్షువు దగ్గర కూర్చుని "ఇది చేశాను" అని చెప్పుకోవాలి. అవతలివాడు "ఇకముందు జాగ్రత్తగా ఉండు" అంటాడు. లేచి మళ్లీ నడక మొదలుపెట్టాలి. పౌర్ణమికీ అమావాస్యకీ, నెలకి రెండుసార్లు, సంఘమంతా కూర్చుని నియమాలు చదువుకునే ముందు ఇలాంటివి చెప్పుకుని తేలికపడాలి. సాగతుడు సంఘంలోనే ఉన్నాడు. తర్వాత అర్హతుడయ్యాడు. కోశాంబి ద్వారం దగ్గర ఆయన్ని వదిలేసి ఉంటే ఆ అర్హతుడు ఉండేవాడా?

ఈ కథలో మన పేటలన్నీ ఉన్నాయి. మర్యాద పేరు చెప్పి పోసేవాళ్లు ఉన్నారు, ఎగదోసే ఆరుగురి జట్టు ఉంది, పడ్డవాడు ఉన్నాడు. మోసుకెళ్లేవాళ్లే తక్కువ.

సంయుత్త నికాయంలో సరకాని అనే శాక్యుడి కథ ఇంకోటి ఉంది. తాగేవాడని ఊరంతటికీ తెలుసు. ఆయన చనిపోయాక, ధమ్మమార్గంలో అడుగుపెట్టినవాడే అని బుద్ధుడంటే శాక్యులు సణుక్కున్నారు. ఇలాంటివాడికే ఆ ఫలం వస్తే ఇక రానిదెవరికి అని. చివరికి శిక్షణ పూర్తి చేసుకున్నాడు, అది మీరు చూడలేదు అని బుద్ధుడి జవాబు. సణుక్కునేవాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట.

మరి మోసేవాళ్లెవరు? ఆనందుడు ఒకసారి బుద్ధుడితో, మంచి స్నేహితులుండడం ఈ మార్గంలో సగం అన్నాడు. అలా అనకు ఆనందా, సగం కాదు, అదే మొత్తం అన్నాడు బుద్ధుడు. కల్యాణమిత్రుడు అంటే వేదిక మీద ఉపన్యాసం చెప్పేవాడని మనం అనుకుంటాం. దీఘ నికాయంలో సిగాలుడికి చెప్పిన సూత్రంలో మాత్రం, నిజమైన మిత్రుడు ఏం చేస్తాడో లెక్కపెడుతూ, ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న స్నేహితుణ్ణి కాపాడడం మొదట చెప్పాడు. దానికి పాతకాలపు అట్ఠకథ ఇచ్చిన ఉదాహరణ వినండి. స్నేహితుడు తాగి దారిలో పడి ఉంటే, ఒంటి మీది గుడ్డలు ఎవరైనా లాక్కుపోతారేమోనని పక్కన కూర్చుంటాడట. మెలకువ వచ్చాక ఇంటికి తీసుకెళ్తాడట. నీతి చెప్పడం లేదు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకన్నా లేదు. పక్కన కూర్చోవడమే.

అదే సూత్రంలో తాగుడు వల్ల వచ్చే ఆరు నష్టాలూ చెప్పాడు: డబ్బు పోవడం, తగాదాలు, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు పోవడం, తెలివి మందగించడం. మన పాటల్లో, బుర్రకథల్లో ఈ ఆరే చెబుతాం. ఆరూ చెప్పి మిత్రుడి దగ్గర ఆగిపోతాం.

అమెరికాలో 1935 మే నెలలో జరిగిన ఒక చిన్న సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. బిల్ విల్సన్ అనే ఆయన తాగుడు మానేసి అయిదు నెలలైంది. అక్రాన్ అనే ఊళ్లో వ్యాపారం బెడిసికొట్టి, హోటల్లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక పక్క బారు, ఒక పక్క టెలిఫోన్. ఆయన ఫోను వైపు నడిచాడు. నాతో మాట్లాడడానికి ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని చర్చిలవాళ్లని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆ ఇద్దరి మాటల్లోంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఏఏ అంటారే, అది. జూన్ 10ని దాని పుట్టినరోజుగా లెక్కిస్తారు. బిల్ ఆ రోజు సాయం చెయ్యడానికి వెళ్లలేదు. తను తాగకుండా ఉండడానికి వెళ్లాడు. తాగుడు మానినవాడు ఇంకొకడికి చెయ్యి అందిస్తే ఇద్దరూ నిలబడతారన్నది అక్కడ తేలిన విషయం.

ఏఏ మీటింగుల్లో దేవుడి మాట, 'మనకంటే పెద్ద శక్తి' అన్న మాట వస్తుంది. ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లం, అక్కడికి వెళ్లొచ్చా అని అడిగేవారున్నారు. నా అభిప్రాయం, వెళ్లండి. మీకు ఆ పెద్ద శక్తి ఏదంటే, సంఘం అని చెప్పండి. ఆ గుంపునే పెద్ద శక్తిగా అనుకోవచ్చని వాళ్లే ఒప్పుకుంటారు. సంఘం శరణం అని రోజూ చెప్పేవాళ్లకి అది కొత్తేం కాదు. దగ్గరలో మీటింగు లేకపోతే ఇద్దరు చాలు, మన విహారంలోనే మొదలవుతుంది.

ఇప్పుడు మన గోదావరి సంగతులు. ఎవరికి ఎక్కడ కాలు జారుతుందో వాళ్ల పనిని బట్టి ఉంటుంది. వరికోతల దగ్గర కూలితోపాటు క్వార్టరు ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. ఆ క్వార్టరు వద్దు, దాని డబ్బులివ్వండి అని ముఠామేస్త్రీతో ఒక్కడే అడిగితే నవ్వుతారు. నలుగురు కలిసి అడిగితే ఇస్తారు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాసేవాడికి చలి, దోమలు, ఒంటరితనం. అది మానినవాడికి మొదటి మూడు నెలలూ పనికిరాని ఉద్యోగం. వీలైతే పగటి పనికి మార్పించాలి. కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాడికి ఒళ్లు నొప్పులు. "ఒక్కటేస్తే నొప్పి తెలీదు బావా" అనే మాట ఆ పూట నిజంలాగే వినపడుతుంది. ఇల్లాలు కువైట్ వెళ్లి అక్కడ ఇళ్లల్లో పనిచేసి డబ్బు పంపుతుంటే, ఇక్కడ ఇల్లు ఖాళీ, జేబు నిండు. ఆ డబ్బు ఆయన ఖాతాకి కాకుండా అత్తగారి ఖాతాకో, పెద్దకూతురి ఖాతాకో రావాలి. ఇది అనుమానం కాదని ఆయనకే ముందు చెప్పి, ఆయన చేతే చేయించాలి.

ఇక సంక్రాంతి. మూడు రోజులూ కోడిపందేల బరుల చుట్టూ సీసాలే. మానేసి ఏడాది కానివాళ్లు ఆ మూడు రోజులు ఊళ్లో ఉండకపోవడమే మంచిది. జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలకో, కోనసీమలో ఆదుర్రు స్తూపానికో పిల్లల్ని తీసుకుని వెళ్లండి. మన నేల మీద రెండువేల ఏళ్లనాటి సంఘం ఎక్కడ కూర్చుందో చూసినట్టూ ఉంటుంది. పెళ్లిళ్లకీ పెద్దకర్మలకీ వెళ్లక తప్పదు. భోజనాలవ్వగానే లేచి వచ్చెయ్యాలి. రాత్రి షామియానా వెనక ఏం జరుగుతుందో తెలిసిందే.

అన్నిటికంటే చెప్పడానికి నోరు రానిది ఏప్రిల్ 14. బాబాసాహెబ్ జయంతి ఊరేగింపు. డీజే ముందు మన కుర్రాళ్లు ఏ స్థితిలో ఎగురుతున్నారో మనకి కనపడదా? చందాల్లోంచే దానికి డబ్బు తీస్తున్న కమిటీలున్నాయి. రాజమండ్రిలో పుట్టిన మన కుసుమ ధర్మన్న కవి నల్లదొరతనం మీద పాట కట్టినట్టే, మద్యపాన నిషేధం మీద కూడా రచన చేశారు. వందేళ్ల కిందటి మనిషికి ఈ రెండూ ఒకే పోరాటమని తెలిసింది. తాగుడు మానేసిన తమ్ముడు ఆ రోజు నీలిజెండా పట్టుకోలేక ఇంట్లో తలుపేసుకుని కూర్చోవాల్సి వస్తే, ఆ జయంతి ఎవరిదని అడగాలనిపిస్తుంది. ఈ ఏడాది ఊరేగింపులో ముందు వరస తాగనివాళ్లదని కమిటీలో తీర్మానం చెయ్యండి. డీజే కుర్రాళ్లు అలిగితే అలగనివ్వండి.

సర్కారు షాపులు మూయించేదాకా ఆగుదామా అంటే, ఆ చరిత్ర కూడా మనకి తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా పాటలు ఆపించి లేస్తే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది ఎత్తేశారు. 2019లో షాపులు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చి 99 రూపాయల క్వార్టరు తెచ్చారు. మధ్యలో 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు పోయారు. సారా వల్లేనని ఇంటివాళ్లు, కాదని ప్రభుత్వం. షాపుల మీద పోరాటం చెయ్యాల్సిందే. కానీ ఇవాళ సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలన్న ప్రశ్నకి అది జవాబు కాదు.

ఆరింటికి ఏం జరుగుతుందో ధమ్మంలో ఉంది. కన్ను షాపు బోర్డు మీద పడుతుంది, అది ఫస్స. ఒంట్లో ఏదో కదులుతుంది, నోరు ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది, అది వేదన. దాని వెనకే 'కావాలి' అన్నది వస్తుంది, అది తణ్హ. వేదనకీ తణ్హకీ మధ్య సందు ఉంది. చిన్నదే, కానీ ఉంది. ఆ సందులో నిలబడడం నేర్చుకోవచ్చు. అమెరికాలో అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని అలతో పోల్చాడు. గుంజుడు అల లాంటిది, లేస్తుంది, పైకి వస్తుంది, విరుగుతుంది. దానితో కుస్తీ పట్టకుండా, దాని మీద తేలాలి. అంతర్వేది తీరంలో ఈదినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అలకి ఎదురు నిలబడితే పడగొడుతుంది. ఒక చోట కూర్చుని, శ్వాస చూసుకుంటూ, ఒంట్లో ఎక్కడ గుంజుతోందో గమనిస్తూ ఉండండి. ఎంత గట్టి గుంజుడైనా కాసేపటికి మెత్తబడుతుంది. ఖాళీ కడుపుతో, కోపంతో, ఒంటరిగా, అలసటతో ఉన్నప్పుడు అల పెద్దది. కాబట్టి పని దిగగానే ముందు ఏదైనా తినండి. ఇది చాలా చిన్న మాటలా ఉంటుంది గానీ చాలామందిని నిలబెట్టింది.

సియాటిల్‌లో ఒక జైల్లో విపశ్యన శిబిరం చేసిన ఖైదీలు, విడుదలైన మూడు నెలలకి చూస్తే, చెయ్యనివాళ్లకంటే తక్కువ తాగుతున్నారని మార్లట్ జట్టు 2006లో ప్రచురించింది. మనకి ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ కేంద్రం ఉంది, పదిరోజుల శిబిరానికి రుసుము లేదు. అయితే ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి వెళ్లొద్దు. డాక్టర్ని అడిగి, దరఖాస్తులో తాగుడు సంగతీ మాత్రల సంగతీ దాచకుండా రాసి, వాళ్లు రమ్మన్నప్పుడే వెళ్లండి.

మార్లట్ చెప్పిన ఇంకో సంగతి సాగతుడి కథకి సరిపోతుంది. ఒకసారి జారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు. జారినవాణ్ణి పడేసేది ఆ ఒక్క గ్లాసు కంటే, దాని తర్వాత వచ్చే ఆలోచన. "అయిపోయింది, నా వల్ల కాదు, ఎలాగూ శీలం పోయింది, ఇంకోటి తాగితే ఏం?" అనే సిగ్గు. ఆ సిగ్గుని మనం మన మాటలతో పెంచుతున్నాం. తమ్ముడూ, మీరు జారితే ఆ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పండి. తెల్లారేదాకా ఆగొద్దు. రోజుల తరబడి మళ్లీ తాగి ఉంటే మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఫిట్స్ ప్రమాదం మొదటిసారి కంటే ఇప్పుడు ఎక్కువ కావచ్చు.

అక్కలకి ఒక మాట. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లతో మాట్లాడుతూ, తాగొచ్చే భర్తకైనా కొడుక్కైనా అన్నం పెట్టొద్దని చెప్పారు. ఆ మాట తాగి గుమ్మం ఎక్కేవాడికి. మానేసి కూర్చున్నవాడికి వేళకి అన్నం పెట్టడం ఆ మాటకి రెండో సగం అని నేననుకుంటాను. అలాగని ఆయన్ని నిలబెట్టే బాధ్యత మీ ఒక్కరి మీదే లేదు. రోజూ నోరు వాసన చూడడం, జేబులు వెతకడం మీకు నరకం, ఆయనకి అవమానం. ఆ కాపలా పని విహారంలో ఇద్దరు మగవాళ్లు తీసుకోవాలి. ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్చుకోమని ఏ ధమ్మమూ చెప్పలేదు. పుట్టింటికి వెళ్లండి, పోలీసులకి చెప్పండి. ఆయన కోలుకోవడానికి మీ ఒళ్లు పణం కాకూడదు.

చివరగా కమిటీ పెద్దలకి. మన విహారాలు చాలావరకూ ఆదివారం పొద్దున్నా, పౌర్ణమికీ తెరుచుకుంటాయి. బెల్టుషాపు రోజూ సాయంత్రం తెరుచుకుంటుంది. రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా విహారం తలుపు తీసి ఉంచండి. ప్రవచనం అక్కర్లేదు. టీ, నాలుగు పేపర్లు, ఒక క్యారమ్స్ బోర్డు, కాసేపు ఆనాపానసతి. కొత్తగా మానినవాడికి ఏదో ఒక పని అప్పగించండి, దీపం పెట్టడమో, పిల్లలకి చదువు చెప్పడమో, టీ కాయడమో. మొదటి మూడు నెలలూ ఆయనకి ఇద్దరు పేర్లు చెప్పండి, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేవాళ్లని. ఆసుపత్రికి మళ్లీ చూపించుకునే తేదీన వాళ్లలో ఒకరు తోడు వెళ్లాలి. నోటీసు బోర్డు మీద 14446 రాయండి, మత్తు మానడానికి సలహా ఇచ్చే జాతీయ ఉచిత నంబరు. దాని కింద 14416, టెలీ మానస్, దిగులూ నిద్రలేమీ ఉన్నవాళ్లకి. పౌర్ణమి రోజు పంచశీలకి ముందు, ఎవరైనా చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పుకోవడానికి ఓ పావుగంట పక్కగదిలో ఇద్దరు కూర్చోండి. అక్కడ విన్నది ఆ గది దాటకూడదు.

వచ్చే పౌర్ణమి లోపు తేల్చుకోవాల్సింది ఒక్కటే: సాయంత్రం ఆరింటికి విహారం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ పేరు బోర్డు మీద రాసి పెట్టండి.

జైభీమ్. నమోబుద్ధాయ.